ఆర్మర్‌కి తెలుగులో ఎన్ని మాటలున్నాయి? అన్నిచోట్లా 'కవచం' సరిపోతుందా?

సుధ_అనువాదాలు

అందరికీ నమస్కారం అండీ.

పిల్లల కోసం రాసిన ఒక యుద్ధసామగ్రి చరిత్ర పుస్తకాన్ని తెలుగులోకి తెస్తున్నాను. ఆర్మర్ అనే మాట దాదాపు ప్రతి పేజీలోనూ తగులుతోంది. మొదటి అధ్యాయం 'కవచం'తోనే హాయిగా గడిచిపోయింది. ఆ తర్వాతే చిక్కు మొదలైంది. ఒక పేజీలో అది ఇనుప రింగులతో అల్లిన చొక్కా. ఇంకో పేజీలో తల నుంచి కాలి వేళ్ల దాకా కప్పే రేకుల తొడుగు. మరోచోట ట్యాంకు చుట్టూ ఉండే ఉక్కు. మధ్యలో తాబేళ్ల మీద, అలుగుల (పాంగోలిన్ల) మీద ఒక పేజీ ఉంది. చివర్లో ఒక సైనికుడు ఇంటికి రాసిన ఉత్తరంలో తన మనసు గురించి చెబుతూ కూడా అదే మాట వాడతాడు.

అన్నిటికీ కవచం అనే రాస్తే పదేళ్ల పిల్లకి కర్ణుడి బొమ్మ ఒక్కటే కళ్లముందు నిలుస్తుందేమోనని నా బెంగ. తెలుగులో దీనికి ఏయే మాటలున్నాయి? వాటిలో జనం నోట్లో ఇంకా బతికున్నవి ఏవి? పుస్తకాల మాటలైనా ఫర్వాలేదు, చదివితే అర్థమవ్వాలి, అంతే.

పాత_నిఘంటువులు

సుధ గారూ, ముందు సంస్కృతం నుంచి వచ్చినవి చెబుతాను. అమరకోశం అనే పాత సంస్కృత నిఘంటువులో ఇవి వరసగా దొరుకుతాయి: తనుత్రం, వర్మ, దంశనం, ఉరశ్ఛదం, కంకటకం, జగరం, కవచం. తనుత్రం అంటే తనువుని కాపాడేది. ఉరశ్ఛదం అంటే రొమ్ముని కప్పేది. దంశనం, కంకటకం, జగరం ఈరోజు ఎవరికీ తెలియవు, వాటి జోలికి వెళ్లకండి.

వర్మ మాత్రం మనకి బాగా తెలిసిన మాటే. నరసింహవర్మ, మాధవవర్మ లాంటి రాజుల పేర్ల చివర ఉన్నది ఇదే. కప్పడం అనే అర్థమున్న 'వృ' ధాతువు నుంచి వచ్చింది. ఆవరణ అనే మాట కూడా ఆ ధాతువుదే. ఋగ్వేదం ఆరో మండలం 75వ సూక్తంలో యుద్ధానికి వెళ్లేవాడితో "నీ మర్మాలను వర్మంతో కప్పుతున్నాను" అని చెప్పే మంత్రం ఉంది. మర్మం అంటే దెబ్బ తగిలితే ప్రాణం మీదికి వచ్చే చోటు. కవచం పని ఏమిటో ఇంత సూటిగా చెప్పిన వాక్యం ఇంకెక్కడా నాకు కనిపించలేదు.

ఇంకొకటి నాకు చాలా ఇష్టమైనది: సన్నాహం. 'నహ్' అంటే కట్టడం. ఒంటికి కవచం బిగించి కట్టుకోవడాన్ని సన్నాహం అన్నారు, ఆ కవచానికి కూడా అదే పేరు. కవచం తొడిగినవాడికి అమరకోశం ఇచ్చే పేర్లలో సన్నద్ధుడు, వర్మితుడు, సజ్జుడు ఉన్నాయి. పరీక్షలకి సన్నాహాలు, ఎన్నికలకి సర్వసన్నద్ధం, సుసజ్జితం అని మనం రోజూ అంటున్న మాటలన్నీ కవచం తొడుక్కోవడంతో ముడిపడినవే.

ఇక మన తెలుగు మాటలు. మైమరువు ఒకటి, జోడు ఒకటి. మై అంటే ఒళ్లు, మరువు అంటే దానికి చాటుగా నిలిచేది. జోడు అనే మాటకి పాత నిఘంటువుల్లో కవచం అనే అర్థం ఉంది. ఇప్పుడది కాళ్ల జోడుకీ కళ్లజోడుకీ మిగిలింది. నా ఓటు మైమరువుకి. మన మాటని మనం రాయకపోతే ఇంకెవరు రాస్తారు?

ఆట_లెవెల్3

వీడియో గేమ్స్ ఆడే మాకు ఇది రోజూ వాడే మాటే. "ఆర్మర్ పోయింది, కవర్ ఇవ్వు", "వెస్ట్ దొరికిందా", "హెల్మెట్ లెవెల్ ఎంత". కవచం అని మా వాళ్లెవరూ అనరు. అలాగని పుస్తకంలో ఆర్మర్ అని రాయమని చెప్పడం లేదు అక్కా. కవచం అంటే పిల్లలకి పౌరాణికం గుర్తొస్తుందని మీరన్నారు కదా, ఆర్మర్ అంటే వాళ్లకి గేమ్ గుర్తొస్తుంది. రెండూ బొమ్మలే.

మాజీ_జవాను

ఈ చర్చలో ఒక ముఖ్యమైన సంగతి చెప్పాలి. ఆర్మ్‌డ్ వేరు, ఆర్మర్డ్ వేరు. మొదటిది ఆయుధం ఉన్నది, అంటే సాయుధ. రెండోది కవచం ఉన్నది. రెండు మాటలూ లాటిన్‌లో ఒకే మూలం నుంచి పుట్టాయి, అందుకే వినడానికి దగ్గరగా ఉంటాయి. తెలుగు వార్తల్లో 'ఆర్మర్డ్ వెహికల్' వచ్చిన ప్రతిసారీ 'సాయుధ వాహనం' అని రాసేస్తున్నారు. అది తప్పు. తుపాకీ ఒక్కటి కూడా లేని ఆర్మర్డ్ వాహనాలు ఉంటాయి. గాయపడినవాళ్లని కాల్పుల మధ్య నుంచి తీసుకొచ్చే అంబులెన్సుకి ఉక్కు పలకలు బిగిస్తారు. దాన్ని సాయుధ వాహనం అంటే అర్థం పూర్తిగా తిరగబడుతుంది. అలాగే పైకప్పు మీద మెషిన్‌గన్ బిగించిన మామూలు జీపు సాయుధమే, దానికి కవచం లేదు.

ఇది మాటల దగ్గర పట్టింపు అనుకోకండి. ఊళ్లోకి సాయుధ వాహనాలు వచ్చాయన్న వార్త చదివినవాళ్లు ఒకలా భయపడతారు, కవచ వాహనాలు వచ్చాయంటే ఇంకోలా అర్థం చేసుకుంటారు. పిల్లల పుస్తకంలో దయచేసి 'కవచ వాహనం' అని రాయండి. ట్యాంకుని ట్యాంకు అనే రాయండి, అది తెలియని పిల్లలు లేరు.

ఇంకో మాట. సైన్యంలో ఉత్త 'ఆర్మర్' అంటే ఒంటి మీది తొడుగు కాదు, ట్యాంకుల దళం. "ఆర్మర్ ముందు కదిలింది" అని మీ పుస్తకంలో ఉంటే అది ట్యాంకులు కదిలాయని చెప్పడమే. అక్కడ కవచం అని రాస్తే వాక్యం కుప్పకూలుతుంది.

సుధ_అనువాదాలు

మాజీ_జవాను గారూ, సరిగ్గా అలాంటి వాక్యమే ఏడో అధ్యాయంలో ఉందండీ! 1916 సెప్టెంబరు 15న సోమ్ యుద్ధంలో తొలిసారి ట్యాంకులు దిగిన సందర్భం. అక్కడ ట్యాంకులు అనే రాస్తాను.

పాత_నిఘంటువులు గారూ, సన్నాహం సంగతి చదివి చాలాసేపు ఆగిపోయాను. మైమరువు దగ్గరే నా అనుమానం. ఈ తరం పిల్లలకి ఆ మాట బొత్తిగా కొత్త కదా?

ఆదివారం_పాఠం

సుధ గారూ, మైమరువు అంత కొత్త మాటేమీ కాదండీ. తెలుగు బైబిలు చదివే ఇళ్లలో పిల్లలకి కూడా తెలుసు. ఎఫెసీయులకు రాసిన పత్రిక ఆరో అధ్యాయంలో సర్వాంగ కవచం అనే మాట ఉంది, దాని వెంటనే ఒక్కో భాగం పేరు వరసగా వస్తుంది: సత్యమను దట్టి, నీతియను మైమరువు, విశ్వాసమను డాలు, రక్షణయను శిరస్త్రాణము. పాదాలకి జోడు. మా పాఠాల్లో అట్టముక్కలతో ఇవన్నీ చేసి పిల్లలకి తొడిగిస్తాం. మైమరువు ఎక్కడ పెట్టుకోవాలో ఐదేళ్ల పిల్ల కూడా ఛాతీ చూపించి చెబుతుంది.

అక్కడ పంపకం ఎంత బాగుందో గమనించండి. ఒళ్లంతా కప్పే మొత్తం సరంజామా సర్వాంగ కవచం. అందులో రొమ్ము భాగం మైమరువు. మీకు కావలసిన తేడా అక్కడ ఆ రెండు మాటలతో తీరిపోయింది.

పాత_నిఘంటువులు

ఇది చదివి నిజంగా సంతోషించాను. మైమరువుకి పాత కావ్యాల్లో మొత్తం కవచం అనే అర్థమే ఉంది, రొమ్ము భాగానికే పరిమితం కాదు. అయినా బతికున్న వాడుక అలా స్థిరపడితే దాన్నే అనుసరించడం మంచిది. ఛాతీ పలకకి మైమరువు, మొత్తానికి సర్వాంగ కవచం. నేను ఒప్పుకుంటున్నాను.

ఇనుప_రింగులు

గొలుసు కవచాలు చేత్తో అల్లడం నా హాబీ. రింగుల చొక్కా గురించి, రేకుల తొడుగు గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే వాటి పనితీరు తెలిస్తే మాట ఎంచుకోవడం తేలికవుతుంది.

రింగుల చొక్కాలో ఎక్కువగా కనిపించే అల్లికలో ఒక్కో రింగు నాలుగు పక్క రింగుల్లోంచి దూరుతుంది. మంచి పనిలో ప్రతి రింగు చివరలూ కలిపి చిన్న రివెట్ కొడతారు, లేకపోతే బలంగా పొడిస్తే రింగు విచ్చుకుంటుంది. కత్తితో కోస్తే ఇది తెగదు. గుడ్డలా వంగుతుంది కాబట్టి చేయి ఎత్తినా వంగినా అడ్డు రాదు. కానీ గదతో కొడితే ఆ దెబ్బ నేరుగా ఎముకకి చేరుతుంది. సన్నటి మొన ఉన్న బాణమో బాకో రింగు సందులో దిగొచ్చు. అందుకే లోపల దూది కూరి కుట్టిన మందపాటి అంగీ తప్పకుండా వేసుకునేవాళ్లు. బరువంతా భుజాల మీదే వేలాడుతుంది, నడుముకి బెల్టు బిగిస్తే కొంత తగ్గుతుంది.

రేకుల తొడుగు దానికి పూర్తిగా వేరు. యూరప్‌లో 15వ శతాబ్దంలో అది పూర్తి రూపానికి వచ్చింది. గట్టి ఉక్కు రేకుని వంపు తిరిగేలా కొట్టి చేస్తారు. ఆ వంపు వల్ల కత్తి, బాణం జారి పక్కకి పోతాయి. యుద్ధానికి వేసుకునే పూర్తి సెట్టు సుమారు 15 నుంచి 25 కిలోలు. ఆ బరువు ఒంటి మీద అన్ని భాగాలకీ పంచి కట్టేవాళ్లు కాబట్టి అలవాటున్న మనిషి దానితో పరుగెత్తగలడు, కింద పడితే లేవగలడు, సాయం లేకుండా గుర్రం ఎక్కగలడు. గుర్రం మీదికి క్రేనుతో ఎక్కించేవాళ్లన్న కథ నిజం కాదు. సుధ గారూ, మీ మూల పుస్తకంలో ఆ కథ ఉంటే దయచేసి ప్రచురణకర్తకి చెప్పండి. అసలు బాధ బరువు కాదు, వేడి. గాలి ఆడదు, ముఖం మూసే హెల్మెట్‌లో ఊపిరి సరిగా అందదు.

పేర్ల విషయానికొస్తే, నేను మామూలుగా 'గొలుసు కవచం', 'రేకు కవచం' అంటాను. చెప్పగానే అందరికీ అర్థమైపోతుంది. చిన్న పలకల్ని చేపపొలుసుల్లా ఒకదాని మీద ఒకటి వచ్చేలా కట్టినదాన్ని 'పొలుసు కవచం' అనొచ్చు.

పాత_నిఘంటువులు

ఇనుప_రింగులు గారి మాటలకి పాత ఆధారం కూడా ఉంది. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో ఆయుధాగారాధ్యక్షుడి గురించి చెప్పే అధ్యాయంలో కవచాల జాబితా ఉంది. లోహంతో చేసిన జాలిక, పట్టం అని వేరువేరుగా చెబుతారు. జాలిక అంటే వల, పట్టం అంటే పలక. అంటే అల్లినదానికీ రేకుదానికీ అప్పుడే వేరువేరు పేర్లు పెట్టుకున్నారు. ఖడ్గమృగం, ఏనుగు, ఎద్దు లాంటి జంతువుల తోలు, గిట్టలు, కొమ్ములతో చేసిన కవచాలూ ఆ జాబితాలో ఉన్నాయి. తర్వాత శిరస్త్రాణం, కంఠత్రాణం, కూర్పాసం, కంచుకం, వారవాణం అని ఒంటి మీది భాగాలు వస్తాయి.

త్రాణం అంటే కాపాడేది. దాన్ని పట్టుకుంటే మీ పని చాలావరకు అయిపోతుంది సుధ గారూ. తలకి శిరస్త్రాణం, మెడకి కంఠత్రాణం, వేళ్లకి అంగుళిత్రాణం. పాదత్రాణం అయితే అందరికీ తెలిసిందే. పిల్లలకి 'త్రాణం' ఒక్కసారి వివరించండి, మిగతావి వాళ్లే విప్పుకుంటారు.

కూర్పాసం నుంచి మనకి కుప్పసం, కుబుసం వచ్చాయి. ఒకప్పుడు కుబుసం అంటే ఒంటికి తొడిగే రవికె కూడా. ఇప్పుడు పాము విడిచేదానికే మిగిలింది. సంస్కృతంలో కంచుకం కథా ఇదే: కవచం, రవికె, పాము పొర మూడింటికీ ఒకే మాట.

వైరింగ్_పని

యుద్ధం సంగతి నాకు తెలియదు గానీ మా పనిలో రోజూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా వినేది 'ఆర్మర్డ్ కేబుల్'. స్టోర్‌లో అడిగేటప్పుడు "ఆర్మర్డా, అన్‌ఆర్మర్డా?" అనే అడుగుతారు. కవచ కేబుల్ అంటే ఎవరికీ అర్థం కాదు.

లోపల రాగి లేదా అల్యూమినియం తీగ, దాని మీద ఇన్సులేషన్, దాని మీద లోపలి పొర, ఆ పైన చుట్టూ ఉక్కు తీగలో బద్దీలో చుట్టి ఉంటాయి. ఆ ఉక్కు చుట్టే ఆర్మర్. అన్నిటికంటే పైన ప్లాస్టిక్ పొర. భూమిలో పాతిన కేబుల్ మీద గడ్డపార పడినా, రాయి నొక్కినా, ఎలుక కొరికినా లోపలి తీగకి దెబ్బ తగలకుండా చూడటం దాని పని. కేబుల్ చివర గ్లాండ్ బిగిస్తాం. అది ఆర్మర్‌ని గట్టిగా పట్టుకోవాలి, ఆర్మర్‌ని ఎర్తింగ్‌కి కలపాలి. ఈ పని నిర్లక్ష్యంగా చేస్తే లోపల తీగ తెగి ఆర్మర్‌కి తగిలినప్పుడు ఆ ఉక్కులోకి కరెంటు వచ్చి మనిషి ప్రాణం పోతుంది. కొత్తగా పని నేర్చుకునేవాళ్లు ఆర్మర్ అంటే రక్షణ కదా అని దాన్ని ఎర్త్ చేయకుండా వదిలేయకూడదు.

ఇంకో సంగతి. ఏసీ కరెంటు వెళ్లే సింగిల్ కోర్ కేబుల్‌కి, అంటే లోపల ఒకే తీగ ఉన్నదానికి, ఉక్కు ఆర్మర్ వేయరు. చుట్టూ ఏర్పడే అయస్కాంత క్షేత్రం వల్ల ఉక్కు వేడెక్కుతుంది. దానికి అల్యూమినియం ఆర్మర్ వాడతారు.

దూరపు_రైడ్

వైరింగ్_పని అన్నా చెప్పింది కరెక్ట్. మా బైక్ రైడర్స్ దగ్గర కూడా మాట ఆర్మరే. "జాకెట్‌లో ఆర్మర్ ఉందా, లేక ఉత్త స్పాంజేనా?" అన్నది మొదటి ప్రశ్న. భుజాలు, మోచేతులు, మోకాళ్లు, వీపు దగ్గర జేబుల్లాంటివి ఉంటాయి, వాటిలో ప్యాడ్లు దూరుస్తాం. ఆ ప్యాడ్లే ఆర్మర్. కొన్ని ప్యాడ్లు చేత్తో నొక్కితే మెత్తగా ఉంటాయి, ఒక్కసారిగా దెబ్బ తగిలితే గట్టిపడతాయి.

కొనేటప్పుడు సీఈ (యూరప్ భద్రతా ప్రమాణం) ముద్ర, లెవెల్ చూడాలి. యూరప్ ప్రమాణం ప్రకారం పరీక్షలో ప్యాడ్ మీద 50 జౌళ్ల దెబ్బ కొడతారు, అవతలి వైపుకి ఎంత బలం చేరిందో కొలుస్తారు. మోచేయి, మోకాలి ప్యాడ్లకి లెవెల్ 1 అయితే సగటున 35 కిలోన్యూటన్లు దాటకూడదు, లెవెల్ 2 అయితే 20. వీపు ప్యాడ్‌కి ఇంకా కఠినం: 18, 9. చాలా జాకెట్లు వీపు దగ్గర పల్చటి ఫోమ్ ముక్క పెట్టి అమ్ముతారు. అది ఆర్మర్ కాదు, దాని మీద ముద్ర ఉండదు. దయచేసి తీసి చూడండి. ఇంకో విషయం, ప్యాడ్ ఎంత మంచిదైనా జాకెట్ వదులుగా ఉంటే పడినప్పుడు పక్కకి జరిగిపోతుంది, ఎముకకి దెబ్బ తగులుతుంది.

సుధ_అనువాదాలు

ఇది నేను అనుకోని దిశ. అంటే పనిచేసే చోట ఆర్మర్ అనే మాటే నిలబడింది, కవచం మాత్రం కథల్లోకీ వార్తల్లోకీ వెళ్లిందన్నమాట.

న్యూస్_డెస్క్

సుధ గారూ, వార్తల్లో కవచం ఒంటరిగా రావడం తక్కువ. ఎక్కువగా 'రక్షణ కవచం' అని రాస్తాం. కవచం అంటేనే రక్షణ కదా, మళ్లీ రక్షణ ఎందుకని కొత్తగా వచ్చిన సబ్ఎడిటర్లు అడుగుతుంటారు. నాకైతే అందులో ఒక ఉపయోగం కనిపిస్తుంది. 'కవచం' అంటే నిజంగా తొడుక్కునేది. 'రక్షణ కవచం' అనగానే అది పోలిక అని పాఠకుడికి తెలిసిపోతుంది. ఓజోన్ పొర భూమికి రక్షణ కవచం, టీకా పిల్లలకి రక్షణ కవచం, చట్టం కార్మికులకి రక్షణ కవచం. ఇలాంటి చోట్ల ఉత్త కవచం అని రాసి చూడండి, ఏదో లోటుగా ఉంటుంది. రైళ్లు ఢీకొనకుండా ఆపే వ్యవస్థకి 'కవచ్' అని పేరు పెట్టాక దాన్ని మాత్రం చివరి సున్నా లేకుండా అలాగే రాస్తున్నాం, పేరు కాబట్టి.

మాజీ_జవాను గారు చెప్పిన సాయుధ వాహనం విషయం వంద శాతం నిజం. మా డెస్క్‌లో గోడ మీద రాసి పెడతాను.

మాజీ_జవాను

సంతోషం. మరి 'మానవ కవచం' సంగతి? హ్యూమన్ షీల్డ్ అంటే డాలు కదా. డాలు చేత్తో పట్టుకునేది, కవచం ఒంటికి తొడుక్కునేది. అమాయకులని ముందు నిలబెట్టుకుని వాళ్ల వెనక దాక్కునేవాడు వాళ్లని డాలులా వాడుతున్నాడు.

న్యూస్_డెస్క్

అర్థం ప్రకారం మీరన్నదే సరి. కానీ 'మానవ కవచం' తెలుగు పత్రికల్లో బాగా నాటుకుపోయింది, ఇప్పుడు 'మానవ డాలు' అని రాస్తే పాఠకుడు ఆగిపోతాడు. వీలైనచోట నేను మాటనే మార్చేస్తాను: "పౌరులను అడ్డుపెట్టుకుని కాల్పులు జరిపారు". అడ్డుపెట్టుకోవడం అనే క్రియలో ఆ దుర్మార్గం పూర్తిగా వినిపిస్తుంది. 1949 జెనీవా ఒప్పందం నిషేధించింది సరిగ్గా ఈ పనినే.

పాత_నిఘంటువులు

డాలుకి కేడెం అనే పాత మాట కూడా ఉంది, కథల్లో బాగుంటుంది.

జీవశాస్త్రం_బడి

సుధ గారూ, జంతువుల పేజీ గురించి. దయచేసి అక్కడ ఒకే మాట వాడకండి, ఎందుకంటే అవి ఒకే రకం వస్తువులు కావు.

తాబేలుది పెంకు లేదా డిప్ప. అది తొడుక్కున్నది కాదు. పక్కటెముకలూ వెన్నెముకా కలిసిపోయి ఏర్పడిన ఎముకల గూడు. తాబేలు అందులోంచి బయటికి రావడం సినిమా బొమ్మల్లోనే సాధ్యం. దాన్ని తాకితే తాబేలుకి తెలుస్తుంది కూడా. అలుగుది పొలుసులు, అవి మన గోళ్లలో ఉండే కెరటిన్‌తోనే ఏర్పడతాయి. పాలిచ్చే జంతువుల్లో ఇలాంటి పెద్ద పొలుసులున్నవి అలుగులే. భయం వేస్తే ఉండలా చుట్టుకుంటుంది, మెత్తటి పొట్ట లోపలికి పోతుంది. ఆర్మడిల్లో అనే జంతువుకి చర్మంలోనే ఎముక పలకలుంటాయి. స్పానిష్‌లో ఆ పేరుకి అర్థమే చిన్న కవచధారి. పీతలకీ పురుగులకీ ఉన్నది బయటి అస్థిపంజరం. అది పెరగదు, అందుకే వదిలి కొత్తది తయారు చేసుకోవాలి. కొత్తది గట్టిపడే దాకా ఆ జీవికి ఏ రక్షణా ఉండదు, ఎక్కడో దాక్కోవాలి.

పెంకు, పొలుసు, పలక. మూడు మాటలూ పిల్లలకి తెలిసినవే. పేజీ పైన శీర్షికలో మాత్రం "పుట్టుకతో వచ్చిన కవచాలు" అని పెట్టండి. సహజ కవచం అంటే కర్ణుడు గుర్తొస్తాడు, ఇక్కడ గుర్తొస్తే మంచిదే.

తూటా_పరీక్ష

వస్త్రాలు, ఫైబర్లు పరీక్షించే ల్యాబ్‌లో పనిచేస్తాను. బులెట్‌ప్రూఫ్ జాకెట్ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను.

1965లో స్టెఫనీ క్వోలెక్ అనే రసాయన శాస్త్రవేత్త డ్యూపాంట్ కంపెనీలో పనిచేస్తూ కనిపెట్టిన ఫైబర్ ఆ తర్వాత కెవ్లార్ అయింది. దాన్ని బట్టలా నేసి చాలా పొరలు వేస్తే తూటాని ఆపగలదు. గోల్‌పోస్ట్ వల బంతిని పట్టినట్టు, తూటా తగిలిన చోట ఫైబర్లు సాగి ఆ శక్తిని చుట్టుపక్కలకి పంచుతాయి. తూటా చదునైపోతుంది. లోపలున్న మనిషికి గాయం అసలు కాదని కాదు, దెబ్బకి కమిలిపోవచ్చు, పక్కటెముక విరగొచ్చు. ప్రాణం మిగులుతుంది.

ఇలాంటి మెత్తటి జాకెట్ పిస్తోలు తూటాలకి. రైఫిల్ తూటా వేగం చాలా ఎక్కువ, దానికి ముందు జేబులో గట్టి పలక పెట్టాలి. బోరాన్ కార్బైడ్ లాంటి సిరామిక్‌తో చేస్తారు. తూటా మొన ఆ సిరామిక్‌కి తగిలి పగిలిపోతుంది, వెనకున్న పొర ముక్కల్ని పట్టుకుంటుంది. తూటాని ఆపే జాకెట్ కత్తిపోటుని ఆపుతుందన్న నమ్మకం లేదు, దానికి వేరే రకం ఉంటుంది. ఏ జాకెట్టూ అన్ని తూటాల్నీ ఆపదు కాబట్టి మేం బులెట్‌ప్రూఫ్ అనే మాటకి దూరంగా ఉంటాం. పుస్తకంలో 'తూటా నిరోధక జాకెట్' అని రాస్తే బాగుంటుంది. నిరోధకం అంటే అడ్డుకునేది, అసలు దిగదని హామీ ఇవ్వడం లేదు.

పాత_నిఘంటువులు

అర్థశాస్త్రంలోని వారవాణాన్నే అమరకోశం వారబాణం అంటుంది. బాణాన్ని వారించేది అని మనవాళ్లు విడదీసి చెబుతారు. తూటా నిరోధకం అన్న మాట కట్టడం కూడా అదే పద్ధతి.

సుధ_అనువాదాలు

మీ అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. ఇంకో రెండు మిగిలాయి. సైనికుడి ఉత్తరంలో వాక్యం ఇది: ఇన్ని నెలల యుద్ధం తర్వాత నా మీద ఒక ఆర్మర్ పెరిగింది, అమ్మ ఉత్తరాలు కూడా దాన్ని దాటి రాలేకపోతున్నాయి. రెండోది, శత్రువు ఆర్మర్‌లో సందు కనిపెట్టారు అనే జాతీయం.

కథల_అరుగు

మొదటిదానికి కవచం వద్దండీ. మన భాషలో మనసుకి కవచం తొడగరు. గుండె దిటవు చేసుకోవడం ఉంది, కానీ అది కావాలని తెచ్చుకున్న ధైర్యం, మెచ్చుకోలు మాట. మీ సైనికుడు చెబుతున్నది అది కాదు, అతనికి తెలియకుండానే జరిగింది. దానికి మొద్దుబారడం, బండబారడం ఉన్నాయి. "నా మనసు బండబారిపోయింది. అమ్మ ఉత్తరాలు కూడా లోపలికి దిగడం లేదు." దిగడం అనే క్రియ ఉంచండి. బాణం దిగినట్టు, మాట దిగినట్టు. అసలు వాక్యంలో ఉన్న పోలిక ఆ ఒక్క క్రియలో మిగులుతుంది. తోలు మందం అనే మాట మాత్రం వాడకండి, అది తిట్టు.

రెండోదానికి సందర్భం చూడాలి. వాదనలో అయితే లొసుగు. మనిషిలో అయితే బలహీనత. ఆ చోట కొడితే మొత్తం కూలిపోతుందంటే ఆయువుపట్టు. నిజంగా కవచం గురించే అయితే సందు అనే రాయండి, మనకి దానికి గొప్ప కథ ఉంది. ద్రోణపర్వంలో ద్రోణుడు దుర్యోధనుడికి మంత్రించి బంగారు కవచం కడతాడు. అర్జునుడి బాణాలు దాని మీద పనిచేయవు. అప్పుడు అర్జునుడు కవచం కప్పని అరచేతుల్లో, గోళ్ల సందుల్లో కొడతాడు. కవచం ఎంత గొప్పదైనా చేతివేళ్లు ఆడాలి కదా.

ఇనుప_రింగులు

చంకలు, మోకాలి వెనక, గజ్జలు. రేకు కవచానికి కూడా ఆ చోట్లే సందులు. అక్కడ రేకు పెడితే కీలు వంగదు. అందుకే ఆ భాగాల్లో లోపల గొలుసు అల్లిక కుట్టేవాళ్లు. ఒకే మనిషి ఒంటి మీద రెండు రకాలూ ఉండేవి.

సుధ_అనువాదాలు

కథల_అరుగు గారూ, "లోపలికి దిగడం లేదు" అన్నది అలాగే తీసుకుంటున్నాను, అనుమతిస్తే.

చివరగా మాజీ_జవాను గారికి ఒకటి. ట్యాంకుల అధ్యాయంలో రియాక్టివ్ ఆర్మర్ అని బొమ్మతో సహా ఉంది. ప్రతిచర్య కవచం అని రాశాను గానీ నాకే అర్థం కావడం లేదు.

మాజీ_జవాను

ప్రతిచర్య అంటే పిల్లలకి రసాయన శాస్త్రం గుర్తొస్తుందమ్మా. ముందు అది ఏం చేస్తుందో చూద్దాం. ట్యాంకు పైన ఇటుకల్లా పెట్టెలు అమర్చి ఉంటాయి. ఒక్కో పెట్టెలో రెండు లోహపు పలకలు, వాటి మధ్య పేలుడు పదార్థం. ట్యాంకుని ఛేదించే రాకెట్ తగలగానే సన్నటి లోహధార భయంకరమైన వేగంతో లోపలికి దూసుకొస్తుంది. ఆ క్షణంలో పెట్టె పేలుతుంది, పలకలు ఎగిరి ఆ ధారకి అడ్డంగా వెళ్లి దాన్ని చెదరగొడతాయి. లోపలి అసలు ఉక్కు దాకా చేరేసరికి దాని బలం చాలావరకు పోతుంది. ఒకసారి పేలిన పెట్టె మళ్లీ పనికిరాదు, మార్చాలి.

కాబట్టి 'ఎదురుపేలుడు కవచం' అని రాయండి. చదవగానే ఏం జరుగుతుందో తెలుస్తుంది. బొమ్మ కూడా ఒకసారి చూడండి. ట్యాంకుని ఆనుకుని సైనికులు నడుస్తున్నట్టు గీసి ఉంటే మార్పించండి. ఆ పెట్టె పేలితే పక్కనున్న మనవాళ్లే ముందు గాయపడతారు. అలాంటి ట్యాంకుతో నడిచే కాల్బలం దూరం పాటిస్తుంది.